పప్పులో ముఖం చూసుకున్న తమ్ముడి తరఫున

పోస్టు కాస్త పొడుగుంది. మెస్ బెల్లు కొట్టేలోపు అయిపోదు, రాత్రి తీరిగ్గా చదువుకోండి.

జులై చివర్లో మా హాస్టల్‌కి తనిఖీకి ఒక పెద్ద సారు వచ్చారు. ఏ హాస్టలో, ఏ సారో రాయం. రాస్తే ఇంకో లెటర్ రాయాల్సొస్తది. మెస్‌లో ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డాం. సారు ఒక్కొక్కరి దగ్గరా ఆగి “భోజనం బాగుందా” అని అడుగుతున్నారు. అందరం “బాగుంది సార్” అంటున్నాం. ఏం అనాలో వార్డెన్ సారు పొద్దున్నే చెప్పి ఉంచారు. ఫస్టియర్ తమ్ముడి వంతు వచ్చింది. వాడు ప్లేటులోకి వంగి ఒకసారి చూసి, “పప్పు చాలా మంచిది సార్. ముఖం కనిపిస్తంది. అద్దం కొనే ఖర్చు తప్పింది” అన్నాడు.

లైనంతా నవ్వింది. వంట అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పెద్ద సారు నవ్వలేదు.

సాయంత్రం తమ్ముణ్ణి ఆఫీసుకి పిలిచి క్షమాపణ లెటర్ రాయించారు. వాక్యం వాళ్లే చెప్పారు. “తనిఖీ అధికారి ఎదుట వెకిలిగా ప్రవర్తించినందుకు క్షమించవలసిందిగా కోరుతున్నాను.” తమ్ముడి ఇంట్లో మాట్లాడేది గోండి. తెలుగు వాడికి బడి నేర్పిన భాష. వాడు నిజంగానే అనుమానం వచ్చి “సార్, వెకిలిలో కి పొట్టిదా, పొడుగుదా?” అని అడిగాడు. అది రెండో వెకిలి అయింది. ఇంకోసారి ఇట్లా జరిగితే సీటు ఉండదన్నారు. వాళ్ల నాన్నను పిలిపించారు. ఆయన మూడు బస్సులు మారి, రెండు రోజుల కూలి పోగొట్టుకుని వచ్చి, కొడుకు ఏం తప్పు చేశాడో అర్థం కాక, చేతులు కట్టుకుని నిలబడి వెళ్లిపోయాడు.

అక్కడితో అయిపోయుంటే ఇది రాసేవాళ్లం కాదేమో. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం మీటింగ్ పెట్టారు. అదే సారు మైకు పట్టుకుని, “ఈ బిడ్డలు కల్లాకపటం ఎరగని అమాయకులు” అన్నారు. ముందు వరసలో తమ్ముడు కూర్చునున్నాడు. మేం వాడి ముఖం చూశాం. రెండు వారాల్లో వెకిలోడు అమాయకుడెట్లా అయ్యాడు? ఏది నిజం సార్?

ఆ రాత్రి మా రూంలో తెలుగు సాహిత్యం చదివే అన్న నోట్‌బుక్ వెనక పేజీల్లో ఒక లిస్టు మొదలుపెట్టాడు. నవ్వుకీ, నవ్వించేవాళ్లకీ తెలుగులో ఉన్న మాటలన్నీ. మేం తలా ఒకటి అందించాం. ఒక పేజీలో చమత్కారం, చతురత, సమయస్ఫూర్తి, సరసం, పరాచికం, చిలిపితనం, కొంటెతనం, గడుసుతనం, చలాకీ, హుషారు. ఎదురు పేజీలో ఎగతాళి, ఎకసెక్కం, వెక్కిరింత, వెకిలి, ఇకిలింపు, కోతిచేష్టలు, పోకిరీతనం, తలతిక్క, తలబిరుసు. ఎంత గొప్ప భాష! నవ్వుకి ఇన్ని రంగులున్నాయని మాకు అంతవరకూ తట్టలేదు. కానీ చూస్తుంటే ఒక సంగతి కనపడింది. రెండు పేజీల్లోనూ మనిషి చేసే పని దాదాపు ఒకటే. సూటిగా చెప్పాల్సిన మాటను పక్కకి తిప్పి చెప్పి నవ్వించడం. మరి ఏ నవ్వు ఏ పేజీలోకి పోవాలో తేల్చేదెవరు? చాలాసార్లు మాట తేల్చదు. మాట్లాడినోడి కుర్చీ తేలుస్తుంది.

అనుమానం ఉంటే ఒకటి చేసి చూడండి. మా తమ్ముడి మాటనే తీసుకెళ్లి ఒక కలెక్టర్ గారి నోట్లో పెట్టండి. అదే మెస్, అదే పప్పు, కలెక్టర్ గారు వంగి చూసి “ముఖం కనిపిస్తోందయ్యా” అన్నారనుకోండి. మర్నాడు పేపర్లో బాక్సు కట్టి “నీళ్ల పప్పుపై కలెక్టర్ చురక” అని వేస్తారు. పక్కనున్న అధికారులంతా ముందు నవ్వుతారు, తర్వాత భయపడతారు. ఒక్క అక్షరం మారలేదు. చమత్కారం అయింది.

ఈ లెక్క ఈనాటిది కాదని అన్న చెప్పాడు. భరతుడి నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో నవ్వును ఆరు రకాలు చేశారట. స్మితం, హసితం ఉత్తములకి. విహసితం, ఉపహసితం మధ్యములకి. అపహసితం, అతిహసితం అధములకి. పళ్లు కనపడకుండా చిన్నగా నవ్వితే ఉత్తముడు. కళ్లనీళ్లొచ్చేలా, పక్కలు పట్టుకుని, గట్టిగా నవ్వితే అధముడు. అన్న ఇది చదువుతుంటే మేం పక్కలు పట్టుకునే నవ్వాం. మా గ్రేడ్ అక్కడే తేలిపోయింది. నాటకం ఆడేవాళ్ల కోసం రాసిన కొలత అది, నిజమే. కానీ ఆ కొలత స్టేజీ దిగి ఆఫీసుల్లోకి, క్లాసుల్లోకి వచ్చి కూర్చుంది. మా అమ్మమ్మలు నోరంతా తెరిచి నవ్వుతారు. అది ఇకిలించడమట.

ఇక తెలుగువాళ్లు ముద్దు చేసుకున్న చమత్కారులను చూడండి. కన్యాశుల్కం నాటకం మొదటిసారి ఆడింది 1892లో. అందులో గిరీశం పూటకూళ్లమ్మ సొమ్ము తినేసి, ఆమె చీపురు పట్టుకుని వస్తే మంచం కిందికి దూరినవాడు. నోటికొచ్చిన అబద్ధం ఆడతాడు, ఎవర్నైనా బుట్టలో వేస్తాడు. గురజాడ వాణ్ణి ఎండగట్టడానికే రాశాడు, అది వేరే సంగతి. కానీ వందేళ్లు దాటినా వాడి మాటలు చెప్పుకుని మురిసిపోవడం ఆగలేదు. ముళ్లపూడి బుడుగు ప్రైవేటు మాస్టర్లను ఏడిపిస్తాడు, పెద్దవాళ్లను లెక్కచేయడు. చిలిపి పిడుగు అని మూడు తరాలు వాణ్ణి ఎత్తుకున్నాయి. మాకూ బుడుగంటే ఇష్టమే. మా ఆశ్రమ పాఠశాలలో ఏడేళ్ల పిల్లోడు మాస్టారితో అట్లా మాట్లాడితే ఏమవుతుందో మీకు తెలుసు. ఎండలో మోకాళ్ల మీద నిలబడ్డవాళ్లు ఈ గ్రూపులో చాలామందే ఉన్నారు.

మా కొందరికి బాగా తెలిసింది గోదావరి. గోదారోళ్ల వెటకారం అంటే రాష్ట్రాలు దాటిన పేరు. ఆ వెటకారం మీద సినిమాలు ఆడుతున్నాయి, వీడియోలు నడుస్తున్నాయి. “ఆయ్” అంటే చాలు హాల్లో ఈలలు. సంతోషం. అదే గోదారికి పాపికొండల ఎగువన కోయలు, కొండరెడ్లు ఉంటారు. అదే నీళ్లు తాగుతాం. రాజమండ్రి దగ్గర వెటకారంగా పారే నది మా దగ్గర అమాయకంగా ఎట్లా పారుతుంది?

2014లో ఖమ్మం జిల్లా నుంచి ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మాలో కొందరి బంధువులు అటుపక్క అయిపోయారు. అందులో ఒక తాతకి కాలనీలో ఇల్లిచ్చారు. గోడకు గోడ ఆనుకుని అగ్గిపెట్టెల్లాగా కట్టిన ఇళ్లు. వివరాలు రాసుకోవడానికి ఒకాయన వచ్చి “ఇల్లు ఎట్లా ఉంది తాతా” అని అడిగాడు. తాత అన్నాడు: “ఇల్లు బాగుంది బాబూ. మా కోడి గుడ్డు పెట్టాలన్నా పక్కింటోళ్లని అడిగొస్తంది.” వచ్చినాయన తలూపి కాగితం మీద రాసుకున్నాడు. మా వాళ్లబ్బాయి భుజం మీదుగా తొంగి చూశాడు. “ఇంటి పట్ల సంతృప్తి వ్యక్తం చేశారు” అని ఉంది. తాత చెప్పిన రెండు వాక్యాల్లో మొదటిది మాత్రమే ఆయనకి వినపడింది. రెండోది ముసలాయన అమాయకపు మాట అనుకున్నాడు. ఆ రెండో వాక్యంలోనే ఫిర్యాదు ఉంది, కొలత ఉంది, అవమానం ఉంది. దరఖాస్తులో పదిహేను లైన్లు పట్టేది తాత ఒక్క కోడితో చెప్పాడు. వినేవాడికి మన దగ్గర తెలివి ఉంటుందన్న ఊహే లేకపోతే ఆ కోడి వృథా.

అందుకే అంటున్నాం, మాకు వెకిలి కంటే అమాయకం ప్రమాదం. వెకిలి అన్నవాడు కనీసం మాట తగిలిందని ఒప్పుకున్నాడు. అమాయకం అన్నవాడు మాటే వినలేదు. మాయ లేనివాడు అమాయకుడు, వినడానికి పొగడ్తలాగే ఉంటుంది. కానీ జోకు వేయడానికి కొంచెం మాయ కావాలి. ఒకటి అని ఇంకోటి అర్థం అయ్యేట్టు చేయాలి. అది మాకు రాదని ముందే తీర్మానం చేసేశారు. తర్వాత అదే మాట ఎక్కడెక్కడ పనికొస్తుందో చూడండి. భూమి కోసం కూర్చుంటే “అమాయక గిరిజనులను రెచ్చగొడుతున్నారు”. పోడు కోసం అడిగితే “అమాయకులను తప్పుదోవ పట్టిస్తున్నారు”. మెస్ బాగోలేదని అడిగినా “మీ వెనక ఎవరున్నారు?” అమాయకుడికి సొంతంగా జోకు రానట్టే కోపం కూడా రాదు గదా, ఎవరో వచ్చి ఇచ్చి వెళ్లాలి.

1922లో మన్యంలో జరిగింది గుర్తు చేసుకోండి. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు మూడు పోలీస్ స్టేషన్లు. తీసుకెళ్లిన తుపాకుల లెక్క స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టిపోయారు. వస్తున్నామని ముందే మిరపకాయ టపా పంపేవాళ్లని చెప్పుకుంటారు. తెల్లోడి రిజిస్టర్‌లోనే రసీదు రాసివ్వడం కంటే పెద్ద వెటకారం ఏముంటుంది? ఆ సంతకం అల్లూరిది, ఆయన మీద మాకు గౌరవం తక్కువ కాదు. కానీ పక్కన గాం గంటందొర, మల్లుదొర ఉన్నారు, కొండల్లో తిండి పెట్టి, దారి చూపి, నోరు విప్పని ఊళ్లున్నాయి. చాలా పుస్తకాల్లో ఆయన వీరుడు, వాళ్లు అమాయకులు. రెండేళ్లు బ్రిటిష్ వాళ్లకి దారి తప్పించిన అమాయకులు!

“అమాయకులు కాబట్టే గదా మీకు చట్టాలు ఇచ్చారు” అని క్లాసులో ఒకడు అన్నాడు. 1/70 సంగతి. ఆ చట్టం ఏం చెప్తుందో వాడు చదవలేదు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందు అనుకోవాలంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది భూమి పట్టుకున్నవాడే. అంటే చట్టం కన్ను మా తెలివి మీద లేదు, వాడి చేతి మీద ఉంది. తాళం వేసింది దొంగ ఉన్నాడని. ఇంటివాడు తెలివితక్కువోడని కాదు.

క్లాసు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. “ఏందిరా కోయదొరా, చెయ్యి చూసి జాతకం చెప్పు” అని మాలో కోయ పిల్లల్ని పిలవనివాడు ఎవడైనా ఉన్నాడా? నెమలీకలు పెట్టుకుని జాతకం చెప్పే కోయదొర వేషం సినిమాల్లో చూసి నేర్చుకున్నారు. లంబాడీ చెల్లెలు మాట్లాడితే యాస తీసి చూపిస్తారు. ముఖం మాడ్చుకుంటే వెంటనే “సరదాకన్నాం, లైట్ తీస్కో”. ఈ లైట్ తీసుకోవడం ఎప్పుడూ మా వంతే ఎందుకో! బరువు వాళ్లు వేస్తారు, తేలికగా మేం మోయాలి. తిరిగి ఒకటి అంటే మాత్రం లైట్ ఆరిపోతుంది. ఒకసారి మా గోండు మిత్రుడు “నీ చెయ్యి చూశారా, బ్యాక్‌లాగులు నాలుగు కనిపిస్తున్నయ్” అన్నాడు. అవతలివాడు నెల రోజులు మాట్లాడలేదు. హెచ్ఓడీ గారి దాకా పోయింది. “వీళ్లకి పొగరు పెరిగింది” అన్నారట. సరదా అనే మాట కూడా ఓపెన్ కేటగిరీలోనే ఉందన్నమాట.

మా దగ్గర నవ్వుకి పద్ధతి లేదనుకోవద్దు. మీ కంటే ఎక్కువే ఉంది. ఎవరిని ఆటపట్టించొచ్చో, ఎవరి ముందు తల దించాలో వరస చెప్తుంది. భూమి పండగకి మగవాళ్లు వేటకి పోతే ఆడవాళ్లు రోడ్డుకి అడ్డం నిలబడి, పాట కట్టి, వచ్చేపోయే బళ్లను ఆపి డబ్బులు అడుగుతారు. అది ఆట. ఆ నాలుగు రోజులు రోడ్డు వాళ్లది. కారు అద్దం దించి “అడుక్కుంటున్నారు” అని తిట్టిపోయేవాళ్లకి ఆ సంగతి తెలీదు. వేట దొరక్క ఉత్తచేతులతో వచ్చిన మగవాళ్ల మీద పేడనీళ్లు పడతాయి, పాటలో వాళ్ల పేర్లు పడతాయి. ఎంత పెద్ద మనిషైనా నవ్వుతూ తుడుచుకోవాల్సిందే, క్షమాపణ లెటర్ అడగడానికి లేదు. తండాల్లో తీజ్ పండగకి ఆడపిల్లలు నానబెట్టిన శనగలు రేగుముళ్లకి గుచ్చుతుంటే వరసైన అబ్బాయిలు కొమ్మ పట్టి ఊపుతారు. ముల్లు దిగినా చెయ్యి వణకకుండా గుచ్చడం ఆ పిల్ల గొప్ప. ఆదిలాబాద్ వైపు దండారిలో గుస్సాడీలు నెమలీకల టోపీ, దొంగ గడ్డం, ఒంటికి బూడిదతో ఊరూరూ తిరుగుతారు. మగపిల్లలే చీర కట్టి పోరిక్‌లుగా ఆడతారు. నవ్విస్తారు, ఏడిపిస్తారు. ఆ వేషం వేసినన్ని రోజులు వాళ్లు దేవుడి మనుషులు. నవ్వించేవాడి కాళ్లు కడిగే జనం మనం. గుస్సాడీ నేర్పిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చారు, చాలా సంతోషించాం. కానీ సభల్లో గుస్సాడీకి స్టేజీ ఇస్తారు, మైకు ఇవ్వరు. కాళ్లు కనపడతాయి, టోపీ కనపడుతుంది, ఫొటో బాగా వస్తుంది. నోట్లోంచి వచ్చే మాట ఎవరూ వినరు. మైకు అమాయకుల గురించి మాట్లాడే సారు దగ్గర ఉంటుంది.

మనల్ని మనం కూడా అడుక్కోవాలి. మన సీనియర్లలో కొందరు ఇదే నోట్‌బుక్కు వాడుతున్నారు. చెంచు తమ్ముడు మెల్లగా మాట్లాడితే తింగరోడు. చెల్లెలు గట్టిగా నవ్వితే గయ్యాళి. కొత్త పిల్లల్ని రాత్రి లేపి డాన్స్ చేయించి, మర్నాడు “సరదాకి” అంటే అది మన నోట్లోంచి వచ్చిన లైట్ తీస్కో. ఎదురు మాట అనే హక్కు లేనివాడితో ఆడేది పరాచికం కాదు. ఈ పోస్టు కింద లైకు కొట్టే ముందు రూంమేట్‌ని అడగండి, వాడు మిమ్మల్ని ఏమని పిలవొచ్చో. “అన్నా” తప్ప ఇంకేం అనలేనంటే మీరు కూడా ఆ సారే.

మేం అడిగేది చిన్నది. తమ్ముడి ఫైల్లోంచి ఆ లెటర్ తీసి వాడి చేతికి ఇవ్వాలి. వాళ్ల నాన్నకి, ఏ తప్పూ జరగలేదని అదే ఆఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పాలి. ఫోన్ తెలుగులో చేసినా పర్లేదు, ఆయన అర్థం చేసుకుంటాడు. అరవై రెండు మందిమి సంతకాలు పెట్టి ఇచ్చాం. సంతకాల పైన తమ్ముడి మాట ఉన్నదున్నట్టు రాశాం. కిందొక లైను చేర్చాం: ఈ మాటలో తప్పుంటే పప్పుని పిలిచి విచారించగలరు. “ఇది కూడా వెకిలేనా?” అని అడిగారు. “మీరే ఏ పేజీలో వేస్తారో వేసుకోండి సార్” అన్నాం. జవాబు ఇంకా రాలేదు. మీ మీ హాస్టళ్లలో ఇట్లాంటి లెటర్లు రాసినవాళ్లుంటే, ఏ మాటకి రాయించారో కింద పెట్టండి. పేర్లు వద్దు, మాటలు చాలు.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. పోయిన ఆదివారం నుంచి పప్పు కొంచెం చిక్కబడింది. తమ్ముడు ప్లేటులోకి వంగి చూసి, “అన్నా, అద్దం పగిలింది, ఇప్పుడు తల ఎట్లా దువ్వుకోవాలి” అంటున్నాడు.